గుడ్డు తినండి, నూనె కొలవండి

డయాగ్నస్టిక్ సెంటర్ నుంచి వచ్చిన రిపోర్టులో కొలెస్ట్రాల్ అంకె కాస్త పెరిగిందని తెలియగానే మన ఇళ్లలో మొదట బంద్ అయ్యేది గుడ్డు. పూర్తిగా మానలేనివాళ్లు పచ్చసొన తీసి పక్కన పెట్టి, ఉత్త తెల్లసొనతో ఆమ్లెట్ వేసుకుంటారు. నూనె మాత్రం ఎప్పటిలాగే క్యాన్ వంచి పెనం నిండా పోస్తారు. ఒకసారి లెక్క చూడండి. మామూలు సైజు గుడ్డు సుమారు 50 గ్రాములు ఉంటుంది, అందులో 6 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల కొవ్వు, అంతా కలిపి 70 కేలరీల చిల్లర. ఒక టేబుల్ స్పూన్ నూనె 14 గ్రాములు, దాదాపు 120 కేలరీలు, ప్రొటీన్ సున్నా. అంటే ఆ ఆమ్లెట్‌లో గుడ్డు ఇచ్చే కేలరీల కన్నా నూనె ఇచ్చేవే ఎక్కువ. మనం భయపడుతున్నది ఒకదానికి, లెక్క లేకుండా వాడుతున్నది ఇంకోదాన్ని.

ముందు ఆ కొలెస్ట్రాల్ భయం సంగతి తేల్చేద్దాం. ఒక పచ్చసొనలో 180 నుంచి 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది, అది నిజమే. కానీ మన రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయం స్వయంగా తయారు చేసుకునేదే. తిండిలో కాస్త ఎక్కువ వస్తే చాలామందిలో కాలేయం తన తయారీని తగ్గించుకుంటుంది కూడా. చెడు కొలెస్ట్రాల్ అని డాక్టర్లు చెప్పే ఎల్‌డీఎల్‌ను బాగా పెంచేవి సంతృప్త కొవ్వు (నెయ్యి, కొబ్బరి నూనెల్లో ఎక్కువగా ఉండేది), ట్రాన్స్ కొవ్వు (నూనెని డాల్డాలా గట్టిపరిచేటప్పుడు పుట్టేది). గుడ్డులో సంతృప్త కొవ్వు గ్రామున్నర, మహా అయితే ఇంకొంచెం. తిండిలో కొలెస్ట్రాల్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా ఏళ్ల తరబడి చెప్పిన పరిమితిని 2015 నాటి వాళ్ల ఆహార మార్గదర్శకాల్లోంచి తీసేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకొక గుడ్డు సొనతో సహా తినొచ్చని 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా చెప్పింది. దాని అర్థం రోజూ అర డజను లాగించమని కాదు. రోజుకొకటి, టెన్షన్ లేకుండా.

ఇంకో మాట. గుడ్డులో ప్రొటీన్ అంతా తెల్లసొనలోనే ఉందనుకుంటారు, నిజానికి నలభై శాతం దాకా పచ్చసొనలోనే ఉంటుంది. బి12, డి, ఎ విటమిన్లు, మెదడుకి పనికొచ్చే కోలిన్, కంటికి మంచిదనే ల్యూటిన్ దాదాపు అన్నీ ఆ పసుపులోనే. సొన పారేసి మళ్లీ మెడికల్ షాపుకెళ్లి బి12 మాత్రలు కొనుక్కోవడం నాకైతే అర్థం కాదు.

ఇక నూనె దగ్గరికి వద్దాం, అసలు పని అక్కడే ఉంది.

మన ఊళ్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది, దేశం మొత్తానికీ ఏం తినాలి, ఎంత తినాలి అని చెప్పేది వాళ్లే. ఆఫీసులో కూర్చుని పనిచేసే ఆడవాళ్లకి రోజుకి 20 గ్రాములు, మగవాళ్లకి 25 గ్రాములు నూనె చాలని, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకి ఇంకాస్త ఎక్కువ అవసరమని వాళ్లు చెప్పారు. 2000 కేలరీల పళ్లెం నమూనాలో రోజంతటికీ నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు పెట్టారు. వంటింటి భాషలో చెప్పాలంటే మనిషికి రోజుకి ఐదు టీస్పూన్లు, కాస్త అటూ ఇటూ. పొద్దున దోసె నుంచి రాత్రి కూర దాకా, మధ్యలో పోపులు, నెయ్యి, పచ్చడి మీద తేలే నూనె, అన్నీ అందులోకే వస్తాయి.

రోజూ స్పూన్లు లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, నేనూ చెప్పను. దానికన్నా సులువైన పద్ధతి నెలవారీ లెక్క. మనిషికి నెలకి ముప్పావు లీటరు అనుకోండి, ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే మూడు లీటర్లు. నూనె పాకెట్ కత్తిరించిన రోజు దాని మీదే పెన్నుతో తారీఖు రాసేయండి, అయిపోయాక ఖాళీ పాకెట్లు పారేయకుండా నెలాఖరు దాకా ఓ మూల పెట్టి లెక్క చూడండి. అన్ని పాకెట్లూ లీటరే ఉంటాయని అనుకోవద్దు, ఈ మధ్య 750, 800, 850 అంటూ రకరకాల సైజులు వస్తున్నాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వెనక నికర పరిమాణం చదవాల్సిందే. ఇంకోటి, లీటరు నూనె అంటే కిలో కాదు, 910 గ్రాములు. సంక్రాంతికి సకినాలు, గారెలు కాల్చిన నెల లెక్క ఎలాగూ తప్పుతుంది, దాన్ని వదిలేసి మామూలు నెలను పట్టుకోండి. చాలా ఇళ్లలో ఈ లెక్క తీసిన మొదటి నెల నోట మాట రాదు, ఎందుకంటే ఆవకాయలో కలిపింది, గిన్నెలో పోసి పెట్టింది, దీపానికి వాడింది అని ఎన్ని తీసేసినా మిగిలేది ముప్పావు లీటరు కన్నా బాగా ఎక్కువే ఉంటుంది. బయట తిన్న బిర్యానీ, మిర్చి బజ్జీ ఈ లెక్కలో అసలు లేనే లేవు. కాబట్టి వారానికి రెండుమూడు సార్లు బయట తినే ఇంట్లో వాడకం ముప్పావు లీటరు కన్నా తక్కువే ఉండాలి.

తగ్గించడానికి పెద్ద త్యాగాలేమీ అక్కర్లేదు. ఐదు లీటర్ల క్యాన్ కొనడం మానేయండి, కొన్నా దాంట్లోంచి నేరుగా కడాయిలోకి వంచకండి, చిన్న నూనె గిన్నెలోకి తీసుకుని అందులో ఒక టీస్పూన్ ఎప్పుడూ వేసి ఉంచండి. చెయ్యి తిప్పి పోసే అలవాటు పోతే నూనె దానంతటదే తగ్గుతుంది. ఉల్లిపాయలు వేగేటప్పుడు అడుగంటుతుంటే ఇంకో గరిటె నూనె పోయడం మన రిఫ్లెక్స్, దాని బదులు చిటికెడు ఉప్పు వేసి, చేత్తో నాలుగు చుక్కల నీళ్లు చల్లి మూత పెట్టండి, ఉల్లిపాయ తన నీళ్లలోనే మగ్గుతుంది. కూర దించేటప్పుడు పైన నూనె తేలితేనే కూర అయినట్టు అన్న మాట మన అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. మసాలా పచ్చివాసన పోయిందని తెలుసుకోవడానికి అది మంచి గుర్తే, కాకపోతే తేలడానికి రెండు స్పూన్ల నూనె చాలు, చెరువులా నిండక్కర్లేదు. వేపుళ్లు వారానికి ఒకటి రెండు రోజులకి పరిమితం చేసుకుని, మిగతా రోజులు పులుసు, పప్పుకూర, ఇగురు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. పిల్లలకి మాత్రం ఈ కోత పెట్టకండి, ఎదిగే వయసులో వాళ్లకి కొవ్వు అవసరం, పెద్దవాళ్ల డైట్ వాళ్ల కంచంలోకి తేవద్దు.

ఏ నూనె కొనాలి అన్న ప్రశ్నకి ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పను, ఎందుకంటే ఒక్క నూనెలో అన్నీ ఉండవు. పల్లీ నూనెలో దాదాపు సగం ఒలెయిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండేదే, వేపుళ్లకి తట్టుకుంటుంది. పొద్దుతిరుగుడు నూనెలో సగం పైగా ఒమేగా-6 అనే రకం కొవ్వు, అది శరీరానికి కావాల్సిందే, కానీ ఏళ్ల తరబడి అదొక్కటే వాడితే ఒమేగా-3 అనే ఇంకో రకం కొవ్వుతో బ్యాలెన్స్ తప్పుతుంది. తవుడు నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం ఉంది, కొలెస్ట్రాల్‌కి కాస్త మేలు చేస్తుంది, రుచి కూడా పెద్దగా అడ్డం రాదు. నువ్వుల నూనె పచ్చళ్లకీ పొడుల్లోకీ భలే ఉంటుంది. కొబ్బరి నూనెలో నూటికి తొంభై వంతుల దాకా సంతృప్త కొవ్వే, పామాయిల్‌లో సుమారు సగం, నెయ్యిలో అరవై పైనే. వీటిని విషం అననక్కర్లేదు, ముద్దపప్పులో ఒక స్పూన్ నెయ్యి వేసుకుంటే ఏ గుండే ఆగిపోదు, కానీ రోజువారీ వంట వీటితోనే చేయడం ఎల్‌డీఎల్ ఎక్కువున్న ఇంట్లో మంచి ఆలోచన కాదు. నేను చెప్పేది ఇంతే: రెండు రకాలు పెట్టుకోండి, ఒక నెల పల్లీ, మరుసటి నెల తవుడు లేదా పొద్దుతిరుగుడు, లేదా వేపుడికి ఒకటి పోపుకి ఇంకోటి, మీ ఇష్టం. ఒమేగా-3 కోసం నూనె మీద ఆధారపడటం కన్నా వారానికోసారి చేపల పులుసు, శాకాహారులైతే అవిసె గింజల పొడి అన్నంలో కలుపుకోవడం నయం. ఆవనూనె, సోయా నూనెలో కూడా కొంత ఉంటుంది, కానీ ఆవనూనె వాసన మన కూరలకి కుదరదు, ఒప్పుకోవాల్సిందే.

పాకెట్ మీద పెద్ద అక్షరాలతో కొలెస్ట్రాల్ లేదు అని రాసుంటే మురిసిపోవద్దు. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఉండదు, డాల్డాలో కూడా ఉండదు. రెండు మూడు నూనెలు కలిపిన పాకెట్ అయితే ముందు వైపు బొమ్మని నమ్మకుండా ఏది ఎంత శాతమో చూడండి, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల అదే ఎక్కువ ఉండాలని లేదు. డబ్బాలోంచి కొలిచి పోసే లూజు నూనె ధర తక్కువని ఆశపడకండి, అందులో ఏం కలిసిందో కనిపెట్టే దారి మనకి లేదు.

గానుగ నూనె గురించి ఇప్పుడు ప్రతి కాలనీలో చర్చే. కట్టె గానుగ, ఎద్దు గానుగ అని బోర్డులు, కళ్ల ముందే ఆడించి ఇస్తున్నారు. వాసన, రుచి బాగుంటాయి, విటమిన్ ఇ లాంటివి కాస్త ఎక్కువ మిగులుతాయి, అంతవరకు నిజం. కేలరీలు మాత్రం రిఫైన్డ్ నూనెలో ఎన్నో ఇందులోనూ అన్నే, ఒక్కటీ తగ్గదు, ఇంత ధర పెట్టాం కదా ఆరోగ్యమే అని ఇంకో గరిటె పోసేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. ఇది తక్కువ వేడికే పొగ వస్తుంది కాబట్టి పోపుకీ, పచ్చళ్లకీ, మామూలు కూరలకీ వాడండి, పూరీలు కాల్చే కడాయిలో పోయకండి. కొనేముందు ఆ షాపులో పల్లీలు చేతిలోకి తీసుకుని చూడండి. ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఆడిస్తే వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే విషం నూనెలోకి వస్తుంది, రిఫైన్ చేసేటప్పుడు అది పోతుంది, గానుగలో పోదు. ఎక్కువ కొని నిల్వ పెట్టకుండా అర లీటరు, లీటరు చొప్పున తెచ్చి పొయ్యి పక్కన కాకుండా వెలుతురు తగలని చోట పెట్టుకోండి.

సరే, గుడ్లు. గోధుమరంగు పెంకు ఉంటే నాటుకోడి గుడ్డని, బలమెక్కువని రెట్టింపు ధర పెడుతున్నారు. పెంకు రంగు కోడి జాతిని బట్టి, సొన రంగు మేతని బట్టి, పోషకాల్లో తేడా చాలా తక్కువ. రుచి కోసం కొంటే కొనండి. వాట్సాప్‌లో తిరిగే ప్లాస్టిక్ గుడ్డు కథ కట్టుకథేనని ఆహార భద్రతా సంస్థ ఎప్పుడో చెప్పేసింది. ఏప్రిల్, మే ఎండల్లో ముప్పై గుడ్ల ట్రే తెచ్చి బయట పెట్టకుండా వారానికి సరిపడా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి, పెట్టేముందు కడగకండి, పెంకు మీద ఉండే సహజమైన పూత పోయి క్రిములు లోపలికి పోయే దారి ఏర్పడుతుంది. మురికిగా ఉంటే వండేముందు కడగండి. అనుమానం ఉన్న గుడ్డుని నీళ్లలో వేయండి, పడుకుంటే తాజా, నిలబడితే పాతది కానీ వండొచ్చు, పైకి తేలితే పారేయండి.

ఉడకబెట్టడంలో ఎవరికీ నూనె గొడవ లేదు, అందుకే ఉడికిన గుడ్డుని మించింది లేదు. గుడ్లు మునిగేలా నీళ్లు పోసి, మరిగాక స్టవ్ ఆపి, మూత పెట్టి పది పన్నెండు నిమిషాలు వదిలేసి చన్నీళ్లలో వేయండి. ఇరవై నిమిషాలు కుతకుతా ఉడికిస్తే సొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది, ప్రమాదం కాదు కానీ రబ్బరులా ఉంటుంది, వాసన వస్తుంది. పచ్చిగుడ్డు పాలలో కొట్టుకుని తాగే జిమ్ అలవాటు మాత్రం మానుకోండి. సాల్మొనెల్లా అనే క్రిమి భయం ఒకటి, పైగా పచ్చిగుడ్డులో ప్రొటీన్ సగమే ఒంటికి పడుతుంది, ఉడికిస్తే తొంభై శాతం దాకా.

కూర కావాలంటే గుడ్డుని నీరున్న కూరగాయతో జత చేయండి. మన తెలంగాణ ఇళ్లలో చేసే బీరకాయ కోడిగుడ్డు దీనికి మంచి దారి. ఇద్దరికి ఒక టీస్పూన్ నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి, బీరకాయ ముక్కలు వేసి మూత పెడితే అది తన నీళ్లలోనే ఉడుకుతుంది. ఆ నీళ్లు ఇగిరే ముందు రెండు గుడ్లు పగలగొట్టి పోసి, వెంటనే కలపకుండా ఒక నిమిషం ఆగి, అంచులు గట్టిపడ్డాక మెల్లగా విడగొట్టండి. సొరకాయ, టమాట, తోటకూరతో కూడా ఇలాగే. గుడ్డు పులుసు చేసేటప్పుడు ఉడికిన గుడ్లని ముందు నూనెలో ఎర్రగా వేయించే పద్ధతి చాలామందికి ఉంది, దాని బదులు గుడ్లకి నాలుగు గాట్లు పెట్టి నేరుగా చింతపండు పులుసులో వేసి పది నిమిషాలు సన్నమంట మీద ఉంచితే పులుపు లోపలి దాకా వెళ్తుంది, నా లెక్కన రుచి ఇదే ఎక్కువ. ఆమ్లెట్‌కి ఇనుప పెనం బాగా కాగనిచ్చి, అర స్పూన్ నూనె వేసి కోసిన ఉల్లిపాయతో పెనమంతా రుద్దండి, గుడ్డు పోసి మంట తగ్గించి మూత పెట్టండి. అంటుకోదు.

బయట తినేటప్పుడు గుడ్డు పేరుతో నూనె తింటున్నామని గుర్తుంచుకోవాలి. ఇరానీ కేఫ్‌లో ఎగ్ పఫ్ ఉంది చూడండి, అందులో ఉండేది అర గుడ్డు, మిగతాదంతా మైదా, దాని పొరల మధ్య రాసిన కొవ్వు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదన్న రూలు వచ్చాక పరిస్థితి మెరుగైంది కానీ సంతృప్త కొవ్వు అలాగే ఉంది. మండి పక్కన, షవర్మాలో వచ్చే మయోనైజ్ ఇంకా ఘోరం. అందులో గుడ్డు నామమాత్రం, డెబ్బై ఎనభై శాతం నూనే, పచ్చిగుడ్డుతో చేస్తే జబ్బు భయం కూడా. మోమోస్ తిని జనం జబ్బుపడి ఒకరు చనిపోయాక 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది కూడా. గుడ్డు లేని మయోనైజ్ అడిగితే జబ్బు భయం తగ్గుతుంది, నూనె మాత్రం తగ్గదు, కాబట్టి ఒక స్పూన్ చాలు. నిహారీ, మిర్చి కా సాలన్ మీద తేలే రోగన్‌ని, అంటే ఆ ఎర్రటి నూనెని, స్పూన్‌తో పక్కకి తీసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కాల్చిన నూనె ఒకటి మిగిలింది. పూరీలు చేశాక కడాయిలో మిగిలిన నూనెని చల్లారాక వడకట్టి, మళ్లీ వేపుళ్లకి కాకుండా కూరల్లోకి ఒకటి రెండు రోజుల్లో వాడేయండి. కొత్త నూనెలో పాతది కలపొద్దు, మంచిది కూడా తొందరగా పాడవుతుంది. నల్లబడి, చిక్కబడి, నురగ వస్తుంటే పారేయాల్సిందే, సింకులో కాదు, పాత సీసాలో పోసి మూత పెట్టి చెత్తబండికి ఇవ్వండి. వ్యాపారులకైతే నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె పదేపదే కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది, సాయంత్రం బజ్జీల బండి దగ్గర అది కొలిచేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి కడాయి వైపు ఒకసారి చూసుకోండి. అడుగు కనపడనంత నల్లగా ఉండి, బజ్జీ వేయకముందే పొగ వస్తుంటే పక్క బండికి వెళ్లండి.

గుడ్డు విషయంలో డాక్టర్‌ని అడగాల్సినవాళ్లు కొందరున్నారు. షుగర్ ఉన్నవాళ్ల మీద వచ్చిన పరిశోధనలు ఒక మాట మీద లేవు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ప్రొటీన్ లెక్క ఉంటుంది, ఇంట్లో తల్లిదండ్రుల నుంచి వచ్చిన కొలెస్ట్రాల్ సమస్య ఉన్నవాళ్లకి తిండిలో కొలెస్ట్రాల్ కూడా లెక్కలోకి వస్తుంది, గుడ్డు తింటే దద్దుర్లు వచ్చే పిల్లలు సరేసరి. అడిగేటప్పుడు సార్, గుడ్డు తినొచ్చా అని ఒక్క ముక్క అడిగి రాకుండా, మా ఇంట్లో నెలకి ఇన్ని లీటర్ల నూనె, ఫలానా రకం అయిపోతోంది అని పాకెట్ల లెక్క కూడా చెప్పండి.